డిసెంబరు 2026 ఆకాశం: డాబా మీద నుంచి ఏం చూడాలి, ఎలా చూడాలి

ఈ నెల కోసం టెలిస్కోపు కొనే పని పెట్టుకోకండి. డిసెంబరు రాత్రుల్లో మామూలు కంటికి దొరికేవే బోలెడన్ని ఉన్నాయి, పైగా వాటిలో సగం పేర్లు మీకు ఇప్పటికే తెలుసు. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని చిన్నప్పుడు వల్లెవేసిన వరుస ఉంది కదా, రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కితే అది అదే క్రమంలో నడినెత్తి నుంచి తూర్పు అంచు దాకా పరుచుకుని ఉంటుంది. గుళ్లో అర్చన చేయించుకునేటప్పుడు గోత్రంతో పాటు నక్షత్రం కూడా తడుముకోకుండా చెప్పేస్తాం గానీ, అది ఆకాశంలో ఎక్కడుందో చూపించమంటే మాత్రం నీళ్లు నములుతాం. కనీసం ఈ ఏడు నక్షత్రాల్లో పుట్టినవాళ్లకైనా ఆ లోటు తీర్చుకోడానికి ఇదే మంచి నెల.

టైములన్నీ హైదరాబాదును లెక్కలో పెట్టుకుని రాశాను. విశాఖపట్నం వైపు వాళ్లకి ఓ ఇరవై నిమిషాలు ముందే జరుగుతాయి, మిగతా ఊళ్లవాళ్లు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

ముందు రోజు ఎంచుకోండి

అమావాస్య 9వ తేదీ తెల్లవారుజామున, పౌర్ణమి 24 పొద్దున. అంటే చుక్కలు చూడాలనుకుంటే 3 నుంచి 15 దాకా మీవే. 18 దాటాక చంద్రుడి వెలుతురులో పెద్ద చుక్కలు తప్ప మిగిలేవి తక్కువ, కానీ ఆ రోజుల్లో చంద్రుడే చేసే తమాషాలు కొన్ని ఉన్నాయి, అవి తర్వాత చెప్తాను.

ఇంకో లెక్క గుర్తుపెట్టుకోండి. నక్షత్రాలు రోజుకి నాలుగు నిమిషాల చొప్పున ముందుగా ఉదయిస్తాయి. అందుకని 1వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకి కనిపించే ఆకాశమే 15న ఎనిమిదిన్నరకి, నెలాఖరున ఏడున్నరకి కనిపిస్తుంది. కింద నేను చెప్పేది 10వ తేదీ రాత్రి తొమ్మిది గంటల లెక్క, మీ తేదీని బట్టి అటూ ఇటూ జరుపుకోండి.

వాతావరణం సంగతికొస్తే తెలంగాణ వాళ్లు అదృష్టవంతులు, డిసెంబరులో ఎక్కువ రాత్రులు తేటగానే ఉంటాయి. కోస్తా వాళ్లకి నెల మొదట్లో తుఫాన్ల టెన్షన్ తప్పదు, 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది సరిగ్గా డిసెంబరు 5నే. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల మబ్బు ఇంకా తిరుగుతూ ఉంటుంది. అక్కడ ఉండేవాళ్లు ఒకే రోజు మీద ఆశ పెట్టుకోకుండా, మబ్బు విచ్చుకున్న ఏ రాత్రయినా సరే డాబా ఎక్కేయాలి. వాన వెలిసిన మర్నాడు దుమ్మంతా అణిగిపోయి చుక్కలు మరీ స్పష్టంగా ఉంటాయి.

చోటు, కళ్లు

సిటీలో ఉన్నా పర్లేదు, ఈ వ్యాసంలో ముప్పావు వంతు డాబా మీద నుంచే అయిపోతుంది. కావలసింది తూర్పు, దక్షిణం వైపులు కాస్త ఖాళీగా ఉండటం. నేరుగా కంట్లో పడే వీధిదీపం ఉంటే నీళ్ల ట్యాంకు నీడలో నిలబడండి, అంతే. ఉల్కల కోసం ఒక్క రాత్రి మాత్రం ఊరు దాటాలి. సొంతూళ్లో పొలం ఉంటే దానికి మించిన చోటు లేదు. లేదంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి, రాయలసీమ వాళ్లకి హార్స్‌లీ హిల్స్ బాగుంటాయి. లంబసింగికి వెళ్తామంటారు కొందరు, చలి సరే, తెల్లవారుజామున కమ్మే పొగమంచులో పక్కన నిలబడ్డ మనిషే కనబడడు, ఇంక చుక్కలేం కనబడతాయి. నల్లమల చీకటి అద్భుతంగానే ఉంటుంది గానీ శ్రీశైలం ఘాట్‌లో రాత్రి తొమ్మిది తర్వాత బండ్లు వదలరు, ఆ లెక్క చూసుకుని బయల్దేరండి.

డాబా ఎక్కాక కనీసం ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టుకోవద్దు. మన కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఆ మాత్రం టైము పడుతుంది, ఒక్కసారి వాట్సాప్ తెరిచారో మళ్లీ మొదటికే. టార్చి తప్పనిసరైతే దాని మూతికి ఎర్ర బెలూను ముక్క బిగించండి, ఎర్ర వెలుతురు కళ్లను అంతగా చెడగొట్టదు. చాప, దుప్పటి, మంకీ క్యాప్, ఫ్లాస్కులో టీ. డిసెంబరు మంచుకి జలుబు చేస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వినండి, రాత్రి పదకొండు దాటాక వాళ్లు చెప్పిందే నిజమని తెలుస్తుంది.

కొలతకి మీ చెయ్యే చాలు. చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఇక నుంచి నేను ఒక పిడికిలి, రెండు పిడికిళ్లు అంటే అదే.

గొల్లకావడితో మొదలుపెట్టండి

తూర్పుకి తిరగండి. మూడు పిడికిళ్ల ఎత్తు దాటాక, దాదాపు ఒకే వెలుతురుతో మూడు చుక్కలు ఒకదాని కింద ఒకటి నిలువుగా, సమాన దూరంలో ఉంటాయి. పొరబడే ప్రశ్నే లేదు, ఆకాశం మొత్తంలో అలాంటి వరుస ఇంకోటి లేదు. మన పల్లెల్లో గొల్లకావడి అనేది వీటినే, ఇంగ్లీషు పుస్తకాల్లో ఓరియన్ నడుం పట్టీ. ఈ మూడూ ఖగోళ మధ్యరేఖకి, అంటే భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి, దాదాపు ఆనుకుని ఉన్నాయి కాబట్టి ఎప్పుడు ఉదయించినా కచ్చితంగా తూర్పునే ఉదయిస్తాయి, కచ్చితంగా పడమరలోనే అస్తమిస్తాయి. మీ ఇంటి తూర్పు గోడ నిజంగా తూర్పుకే ఉందా అని వాస్తు అనుమానం ఉన్నవాళ్లు రాత్రి ఏడు లోపే ఎక్కి, ఇవి ఏ కొబ్బరిచెట్టు వెనక నుంచి లేస్తున్నాయో చూస్తే చాలు, దిక్సూచి అక్కర్లేదు.

ఇప్పుడు ఈ మూడింటికి ఎడమ పక్క, ఒక పిడికిలి దూరంలో ఎర్రటి చుక్క చూడండి. అదే ఆరుద్ర. కుడిపక్క అంతే దూరంలో నీలం కలిసిన తెల్లటిది రైజెల్. రెండింటినీ మార్చి మార్చి చూస్తే రంగు తేడా కంటికి తెలుస్తుంది, తెలియకపోతే చూపును కొద్దిగా వదులు చేసి మళ్లీ చూడండి. ఎర్రది చల్లటి నక్షత్రం, నీలంది వేడిది, పొయ్యి మంట లెక్కే. ఆరుద్ర ఎంత పెద్దదంటే మన సూర్యుడి స్థానంలో పెడితే బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు అన్నీ దాని పొట్టలోకి పోతాయి. 2019 చివర్లో అది ఉన్నట్టుండి మసకబారితే పేలిపోతుందేమో అని ప్రపంచమంతా హడావిడి పడింది, చివరికి అది తానే చిమ్ముకున్న ధూళి అడ్డొచ్చిందని తేలింది. ఏదో ఒక రోజు పేలడం మాత్రం ఖాయం, అది రేపా, లక్ష సంవత్సరాల తర్వాతా అన్నదే ప్రశ్న.

ఆరుద్రకి ఎగువన ఇంకో తెల్లటి చుక్క ఉంది. ఆ రెండింటినీ చూసుకుని ఇంకా ఎడమకి జరిగితే మూడు చిన్న చుక్కలు చిక్కటి ముక్కోణంలా కనిపిస్తాయి, అది మృగశిర. ఇంత పేరున్న నక్షత్రం ఇంత బక్కగా ఉందేంటి అనిపిస్తుంది, సిటీలో అయితే కష్టపడాలి కూడా. మన పాత కథలో ఇదొక జింక తల, గొల్లకావడి దాని ఒంట్లో దిగిన బాణం. మరి బాణం వేసినవాడు ఎక్కడ? ఆ మూడు చుక్కల గీతను కిందికి, కొద్దిగా కుడికి, రెండు పిడికిళ్లు లాగండి. తూర్పు ఆగ్నేయంలో, అప్పుడే ఇళ్ల మీదుగా లేస్తూ తళతళలాడుతున్న పెద్ద తెల్లటి చుక్క ఉంటుంది. వాడే వేటగాడు, లుబ్ధకుడు, అంటే సిరియస్. రాత్రి ఆకాశంలో ఉన్న నక్షత్రాలన్నిటిలో ప్రకాశవంతమైనది, 8.6 కాంతి సంవత్సరాల దూరం. కింద ఉన్నంతసేపూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మార్చి మార్చి మెరుస్తూ విమానం లైటేమో అనిపిస్తుంది. అది గాలి పొరల మహిమ, పదకొండింటికి పైకొచ్చాక బుద్ధిగా తెల్లగా మారిపోతుంది.

పైకి వెళ్తే రోహిణి, కృత్తికలు

అదే గీతను ఇప్పుడు పైకి లాగండి. రెండు పిడికిళ్లు దాటాక నారింజ రంగు చుక్క రోహిణి. దాని చుట్టూ చిన్న చుక్కలు ఒక వి ఆకారంలో ఉంటాయి, రోహిణి కూడా అందులో భాగమే అనిపిస్తుంది గానీ నిజానికి అది మనకి బాగా దగ్గర, 65 కాంతి సంవత్సరాలు, మిగతావి దానికి రెట్టింపు కన్నా దూరం.

ఇంకా పైకి వెళ్తే, దాదాపు నడినెత్తికి దగ్గర్లో, చిన్న గుంపు. కృత్తికలు. పిల్లలకోడి అని పల్లెల్లో అనేది దీన్నే. ఇక్కడ తొందరపడకండి, నిదానంగా లెక్కపెట్టండి. మామూలు కంటికి ఆరు వస్తాయి, చీకటి ఊళ్లో మంచి చూపున్న పిల్లలు ఎనిమిది, తొమ్మిది కూడా చెప్తారు. ఇంట్లో అందరినీ విడివిడిగా లెక్కపెట్టమని, ఎవరి అంకె వాళ్లు కాగితం మీద రాసుకుని తర్వాత పోల్చి చూడండి, పందెం బాగుంటుంది. బైనాక్యులర్ ఉంటే మాత్రం ఆ ఆరు కాస్తా ముప్పై, నలభై అయిపోతాయి. 10x50 బైనాక్యులర్‌కి ఆకాశంలో ఇంతకన్నా అందమైనది లేదు, టెలిస్కోపులో పెట్టి చూస్తే సగమే పట్టి ఆ అందం పోతుంది. మీ కంట్లో పడే ఆ వెలుతురు బయల్దేరింది 440 ఏళ్ల కిందట, కొంచెం అటూ ఇటూగా హైదరాబాదులో చార్మినార్ లేస్తున్న రోజుల్లో.

కృత్తికలకు పడమరగా, నడినెత్తి దగ్గర భరణి, అశ్విని ఉన్నాయి. అశ్వినికి పక్కనే దానికన్నా వెలుతురున్న చుక్క ఒకటుంటుంది, ముందు అది దొరికించుకుంటే మిగతావి వాటంతట అవే దొరుకుతాయి. ఈశాన్యంలో పసుపుపచ్చటి పెద్ద చుక్క బ్రహ్మహృదయం. దాని కింద, అంచుకి కొంచెం పైన, పక్కపక్కన ఒక జంట లేస్తుంది, పునర్వసు. ఆ జంటను గుర్తుపెట్టుకోండి, 14న దానితో పనుంది.

దక్షిణం వైపు అగస్త్యుడు

రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య దక్షిణ ఆగ్నేయానికి తిరగండి. లుబ్ధకుడికి కుడిపక్క, చాలా కిందగా ఇంకో పెద్ద చుక్క ఉంటుంది. ఆకాశంలో రెండో ప్రకాశవంతమైన నక్షత్రం, అగస్త్యుడు. అర్ధరాత్రి దాటాక దక్షిణంలో అత్యంత ఎత్తుకి వస్తాడు, అప్పటికీ హైదరాబాదు నుంచి రెండు పిడికిళ్ల ఎత్తే. తిరుపతిలో ఇంకాస్త పైన, ఢిల్లీలో ఒక పిడికిలి కన్నా తక్కువ. వింధ్య దాటి దక్షిణాదికి వచ్చేశాడని కథ, ఆకాశంలోనూ ఉత్తరాదివాళ్లకి సరిగా మొహం చూపించడు. అమెరికాలో ఉన్న మీవాళ్లకి వీడియో కాల్‌లో ఈ సంగతి చెప్పి ఉడికించవచ్చు: న్యూజెర్సీలో అగస్త్యుడు ఏడాది పొడుగునా ఒక్క రోజు కూడా ఉదయించడు, డల్లాస్‌లో దక్షిణ అంచుని రాసుకుంటూ కాసేపు కనబడి పోతాడు. మెల్‌బోర్న్ వాళ్లతో మాత్రం పెట్టుకోకండి, వాళ్లకి నెత్తి మీదే ఉంటాడు.

ధ్రువుణ్ణి వెతికేవాళ్లు ఉత్తరానికి తిరిగి రెండు పిడికిళ్ల లోపే చూడండి. ఎంత అక్షాంశమో అంత ఎత్తు, హైదరాబాదుకి 17 డిగ్రీలు. చాలామంది అనుకున్నంత వెలుగు ఉండదు. సప్తర్షులు ఇప్పుడు కనిపించరు, అర్ధరాత్రి దాటాలి. వాళ్లకి బదులు ధ్రువుడి పైన ఎమ్ ఆకారంలో శర్మిష్ఠ ఉంటుంది.

శని, ఆండ్రోమెడా

చీకటి పడగానే చూడాల్సినవి ఈ రెండూ. సాయంత్రం ఏడున్నరకి నడినెత్తి దగ్గర నాలుగు చుక్కల పెద్ద చతురస్రం ఉంటుంది, అందులో ఒక పక్క రెండూ పూర్వాభాద్ర, ఇంకో పక్క రెండూ ఉత్తరాభాద్ర. దానికి దక్షిణంగా, మినుకు మినుకుమనకుండా నిలకడగా పసుపుపచ్చగా ఉండేది శని. మీ పంచాంగం తీసి చూస్తే ఈ నెల శని మీనంలో ఉత్తరాభాద్రలో అనే ఉంటుంది, ఇదిగో సాక్ష్యం. వలయాలు చూడాలంటే చిన్న టెలిస్కోపు కావాలి. 2025 మార్చిలో అవి మనకి అంచు చూపించాయి, ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు కాబట్టి సన్నగానే ఉంటాయి.

చతురస్రం ఈశాన్య మూల నుంచి మొదలయ్యే చుక్కల వరుస వెంట రెండు చుక్కలు వెళ్లి, అక్కడి నుంచి శర్మిష్ఠ వైపు తిరిగి చిన్న చుక్కలు రెండు దాటితే, మబ్బు మరకలాంటిది ఒకటి కనిపించాలి. సిటీలో బైనాక్యులర్ లేకుండా ఆశ పెట్టుకోకండి. చీకటి చోట మాత్రం కంటికే కనిపిస్తుంది, కాకపోతే సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపును కాస్త పక్కకి పెట్టి కంటి కొసతో చూడాలి. అది ఆండ్రోమెడా గెలాక్సీ, 25 లక్షల కాంతి సంవత్సరాలు. మన కంటికి మామూలుగా అందే అతి దూరపు వస్తువుల్లో అదొకటి.

14 రాత్రి: ఉల్కలు

నెల మొత్తంలో ఒక్క రాత్రే మేలుకోగలను అనుకుంటే అది ఇదే. జెమినిడ్ ఉల్కాపాతం ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో ఉధృతంగా ఉంటుంది, ఈసారి ఉధృతి మనకి 14 సాయంత్రం ప్రాంతంలో పడుతోంది. పైగా ఆ రోజు చంద్రుడు పంచమి, షష్ఠి చంద్రుడు, పదిన్నరకల్లా అస్తమించేస్తాడు. ఇలాంటి కలయిక అన్ని సంవత్సరాలూ కుదరదు. సోమవారం అయింది, మంగళవారం ఆఫీసుకి సెలవు ముందే పెట్టేసుకోండి.

పద్ధతి చాలా సులువు. పదిన్నరకి చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి. ఉల్కలన్నీ పునర్వసు జంట దగ్గర నుంచి చిమ్మినట్టు కనిపిస్తాయి, అలాగని అటే తదేకంగా చూడకండి, అక్కడ తోకలు పొట్టిగా ఉంటాయి. నడినెత్తి చుట్టూ, ఏది బాగా చీకటిగా ఉంటే అటు చూడండి, పొడుగాటి గీతలు అక్కడే పడతాయి. రాత్రి రెండింటికి పునర్వసు నడినెత్తికి దగ్గరగా వస్తుంది, అప్పుడు సంఖ్య పెరుగుతుంది. పుస్తకాల్లో గంటకి 120, 150 అని రాస్తారు, అది ఏ లోపం లేని ఆకాశానికి వేసిన లెక్క, పొలంలో పడుకుంటే అందులో సగం వచ్చినా పండగే, సిటీ డాబా మీద గంటకి పది కనిపిస్తే సంతోషించండి. కెరటాల్లా వస్తాయి, పావుగంట ఏమీ ఉండదు, తర్వాత రెండు నిమిషాల్లో నాలుగు. ఆ ఖాళీ పావుగంటలోనే చాలామంది లేచి వెళ్లిపోతారు. కనీసం గంట ఉండండి.

మిగతా ఉల్కాపాతాలు ఎక్కువగా తోకచుక్కల ధూళి, జెమినిడ్లు మాత్రం ఫేథాన్ అనే గ్రహశకలం నుంచి వచ్చినవి. 1983లో దాన్ని కనుక్కున్నారు, సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు బుధుడి కన్నా లోపలికి పోయి వస్తుంది. దాని రవ్వలు సెకనుకి 35 కిలోమీటర్ల వేగంతో మన గాలిలోకి దూసుకొస్తాయి, ఉల్కల్లో ఇది నిదానమే, అందుకే పక్కవాళ్లకి "అదిగో" అని చూపించే టైము దొరుకుతుంది. 14న మబ్బు పట్టిందా, 13 రాత్రి తక్కువేమీ కాదు, 15 కూడా పూర్తిగా వృథా పోదు.

ఫోటో తీయాలంటే ఫోన్‌ని స్టాండుకి బిగించి ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 1600, పదిహేను సెకన్లు పెట్టి వరుసగా తీస్తూ పోండి. వంద ఫోటోల్లో ఒకదాంట్లో పడితే గొప్ప.

ఉల్కల మధ్య ఖాళీలో తూర్పు వైపు ఒక చూపు వేయండి. పదిన్నర, పదకొండు దాటాక పెద్ద తెల్లటి గురుడు, దాని కిందే మఖ నక్షత్రం, ఇంకాస్త కింద ఎర్రటి కుజుడు, ఒకటిన్నర పిడికిలిలో ముగ్గురూ వరుసగా లేస్తారు. బైనాక్యులర్‌ని గోడకి ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుడి పక్కన ఒకే గీతలో చిన్న చుక్కలు కనిపిస్తాయి, అవి దాని చంద్రులు, రోజుకో చోటికి మారతాయి.

చంద్రుడు వెంటబెట్టుకుని చూపించేవి

17, 18 సాయంత్రాలు చంద్రుడు శని పక్క నుంచి పోతాడు. 21 రాత్రి కృత్తికలకి బాగా దగ్గరగా వస్తాడు, ఆ వెలుతురులో గుంపు కనిపించాలంటే బైనాక్యులర్ కావాలి. 23 సాయంత్రం నిండు చంద్రుడు మృగశిర ప్రాంతంలో, మార్గశిర మాసానికి ఆ పేరెందుకో కళ్ల ముందే ఉంటుంది. ఈ ఏడాది పౌర్ణముల్లో భూమికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఇదే, సూపర్ మూన్ అని వార్తల్లో ఊదరగొడతారు. నిజం చెప్పాలంటే పక్కన ఇంకో చంద్రుణ్ణి పెట్టి పోల్చి చూపిస్తే తప్ప ఆ తేడా కంటికి తెలియదు. ఉదయించేటప్పుడు చూడండి, అప్పుడు ఏ పౌర్ణమైనా పెద్దగానే ఉంటుంది. 27, 28 రాత్రులు పదకొండు దాటాక గురుడు, మఖ, కుజుడు ఉన్న చోటికే చంద్రుడూ చేరతాడు.

తెల్లవారుజామున వేగుచుక్క

ధనుర్మాసం 16న మొదలవుతుంది, ముగ్గు వేయడానికి ఎలాగూ చీకటితోనే లేస్తారు. మూడున్నర దాటాక తూర్పు ఆగ్నేయంలో కళ్లు చెదిరేంత వెలుగుతో ఉన్నది శుక్రుడు. ఈ నెలంతా వేగుచుక్కే. మొదటి వారంలో దానికి కొంచెం పైన చిత్త నక్షత్రం ఉంటుంది, 5వ తేదీ ప్రాంతంలో సన్నటి చంద్రవంక కూడా అక్కడికి వస్తుంది. చీకటి చోట శుక్రుడి వెలుతురుకి తెల్లకాగితం మీద మీ వేలి నీడ పడుతుందేమో చూడండి.

సరదా ఉన్నవాళ్లకి ఇంకో పని. ఆరింటికి శుక్రుణ్ణి ఏదైనా స్తంభం అంచుకో, గోడ అంచుకో సరిపెట్టుకుని, ప్రతి ఐదు నిమిషాలకీ ఒకసారి చూస్తూ ఉండండి. చుక్కలన్నీ పోతాయి, సూర్యుడు వస్తాడు, అయినా శుక్రుడు నీలాకాశంలో తెల్లటి చుక్కలా ఇంకా అక్కడే ఉంటాడు, కాకపోతే చూపు ఒకసారి తప్పిందా మళ్లీ దొరకడం కష్టం. సూర్యుడు మాత్రం గోడ చాటునే ఉండాలి, ఎండ వచ్చాక బైనాక్యులర్ లోపల పెట్టేయండి, పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు.